ఫిర్యాదు రాలేదంటే లోటు లేనట్టేనా?

విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో లైబ్రరీ సంతృప్తి సర్వే ఇప్పుడు అరుదైన పని కాదు. ఉన్నత విద్యాసంస్థలను మూల్యాంకనం చేసే నాక్ తన విధానాన్ని 2017లో సవరించి విద్యార్థి సంతృప్తి సర్వేను అందులో చేర్చాక, 'మీరు సంతృప్తిగా ఉన్నారా' అని అడగడం మన విద్యాసంస్థలకు బాగా అలవాటైంది. లైబ్రరీలు కూడా సొంత ఫారాలు తయారుచేసుకుంటున్నాయి. గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, వచ్చిన జవాబులను శాతాల్లోకి మార్చి నివేదిక రాస్తున్నాయి. ఆ నివేదికల్లో తరచుగా కనిపించే మాట ఇది: ఎక్కువమంది తృప్తిగా ఉన్నారు, చెప్పుకోదగ్గ ఫిర్యాదులు లేవు. ఈ ఒక్క వాక్యంలో రెండు పెద్ద నిర్ధారణలున్నాయి. పాఠకుల మనసులో ఉన్నది మనకు తెలిసిందన్నది ఒకటి. లోటు అనేది లేదని తెలిసిందన్నది రెండోది. ఇంకొకరి మాట మనకు ఎప్పుడు జ్ఞానమవుతుంది, లేనిది లేదని ఎలా తెలుస్తుంది అన్న ఈ రెండు ప్రశ్నల మీద మన తార్కికులూ మీమాంసకులూ శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. సర్వే అంటే లెక్కల పని అనుకుని మనం ఆ ప్రశ్నలను పట్టించుకోవడం మానేశాం. ఆ వాదాల్లో తేలిన షరతులు పాటించని సర్వే ఎంతమందిని అడిగినా జ్ఞానం ఇవ్వదని, పాటించిన సర్వే చిన్నదైనా ఇస్తుందని నా వాదన.

ముందు రెండో ప్రశ్నను చూద్దాం, ఎందుకంటే సర్వేలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. నేల మీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? క్రీస్తుశకం ఏడో శతాబ్దానికి చెందిన మీమాంసకుడు కుమారిల భట్టు, ఆయన బాటలో అద్వైత వేదాంతులు, దీనికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కనబడకపోవడమే లేకపోవడాన్ని తెలియజేస్తుందన్నారు. మీమాంసలోనే ఇంకో శాఖ వాళ్లైన ప్రాభాకరులు దీన్ని ఒప్పుకోలేదు. అభావం కూడా ప్రత్యక్షంతోనే తెలుస్తుందని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, వాదించారు. ఆ తగవు తీర్చడం ఇక్కడ మన పని కాదు. అనుపలబ్ధిని ఒప్పుకున్నవాళ్లు దానికి పెట్టిన షరతు మాత్రం మనకు చాలా ముఖ్యం. కనబడనిదల్లా లేనట్టు కాదు. ఉంటే తప్పకుండా కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండి కూడా కనబడకపోతేనే అది లేదని నిశ్చయించాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటి గదిలో కుండ కనబడకపోతే వెలుతురు లేదని మాత్రమే తెలుస్తుంది, కుండ సంగతి ఏమీ తెలియదు. పదిహేడో శతాబ్దంలో ధర్మరాజాధ్వరీంద్రుడు రాసిన వేదాంత పరిభాష ఈ షరతును ఇంకా బిగించింది. ఆత్మలోని ధర్మాధర్మాలు, అంటే పుణ్యపాపాలు, మనకు గోచరించవు. అంతమాత్రాన అవి లేవని నిశ్చయించలేం, ఎందుకంటే అవి ఉన్నా మనకు గోచరించేవి కావు. లేదనే ముందు, ఉంటే కనబడేదేనా అని వేసుకోవాల్సిన ఈ ప్రశ్న కంటే మంచి పరీక్ష సర్వేకు ఇంకొకటి లేదు.

ఒక ఫారాన్ని తీసుకుని ఈ పరీక్ష పెట్టి చూడండి. ఫిర్యాదు ఉంటే అది ఈ ఫారంలో కనబడేదేనా? పుస్తకాలు ఇష్యూ చేసే కౌంటరులోనే ఫారం ఇచ్చి, అక్కడే నింపించి, అక్కడే తీసుకుంటే, ఆ తీసుకున్న మనిషే రేపు నో డ్యూస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సినవాడైతే, సిబ్బంది ప్రవర్తన గురించి విద్యార్థి ఏం రాస్తాడు? ఫారం పైన పేరూ హాల్‌టికెట్ నంబరూ అడిగితే ఏం రాస్తాడు? పరిశోధక విద్యార్థి పరిస్థితి ఇంకా సున్నితం. శాఖలో పదిమందే ఉన్నచోట, పేరు రాయకపోయినా, 'పీహెచ్‌డీ, మూడో సంవత్సరం, స్త్రీ' అన్న మూడు గళ్లు నింపితే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఇక భాష. ఇంటర్మీడియట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన అమ్మాయి, ఇంగ్లిషు ఫారంలో ఐదు గళ్లలో ఒకదాని మీద టిక్కు పెట్టగలదు. 'ఇతర సూచనలు' అన్నచోట మాత్రం, ఆ భాషలో నాలుగు వాక్యాలు రాయడానికి జంకి, ఖాళీగా వదిలేస్తుంది. ఆ ఖాళీని మనం 'సూచనలు లేవు' అని లెక్క వేసుకుంటాం. చూపు లేని విద్యార్థి ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేసుకుంటాడు. ఫారాన్ని స్కాన్ చేసిన బొమ్మగా పంపితే ఆ సాఫ్ట్‌వేర్‌కు అందులోని అక్షరాలు చాలాసార్లు దొరకవు. అతని ఫిర్యాదు ఎంత పెద్దదైనా అది మన దాకా రాదు. పరీక్షల వారంలో పంపిన లింకుకు తీరిక ఉన్నవాళ్లే జవాబిస్తారు, లైబ్రరీ అత్యవసరమైనవాళ్లు ఇవ్వరు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా, ఫిర్యాదులు రాలేదన్న మాటకు అర్థం ఫిర్యాదుకు వెలుతురు లేదనే. కాబట్టి అజ్ఞాతంగా జవాబిచ్చే వీలు, తెలుగు, ఇంగ్లిషు రెండు భాషల్లోనూ ఫారం, లైబ్రరీ సిబ్బంది కాక వేరెవరైనా జవాబులు సేకరించడం, సెమిస్టర్ మధ్యలో సర్వే పెట్టడం అన్నవి సౌకర్యం కోసం చేసే ఏర్పాట్లు అనుకోకూడదు. అనుపలబ్ధి ప్రమాణంగా నిలవాలంటే తీరాల్సిన షరతులు ఇవే.

ఇంకా పెద్ద చీకటి లైబ్రరీకి రానివాళ్ల గురించినది. లైబ్రరీ లోపల కూర్చున్నవాళ్లకు ఫారాలు పంచితే, లైబ్రరీ ఎంతో కొంత ఉపయోగపడుతోందని అప్పటికే తేల్చుకున్నవాళ్లను మాత్రమే అడిగినట్టు. రెండుసార్లు వచ్చి, కావలసింది దొరక్క, మూడోసారి రావడం మానేసినవాడు అసలైన సాక్షి. అతను ఆ గదిలో ఉండడు. అడిగినవాళ్ల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ లోపం తీరదని 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక ప్రపంచానికి చూపించింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై మూడు లక్షల దాకా తిరిగివచ్చాయి. వాటిని లెక్కించి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ నలభై ఎనిమిది రాష్ట్రాల్లో నలభై ఆరు అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం నాటి బీదల్లో చాలామంది ఆ జాబితాల్లో లేరు. పైగా కార్డు అందినవాళ్లలోనూ తిరిగి పంపినవాళ్లు ఒక తరహా మనుషులు. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగ్గా చెప్పాడు. ఇరవై మూడు లక్షల జవాబులే దారి తప్పించినప్పుడు, లింకు పంపితే వచ్చిన ఆరువందల జవాబులు చూసి ధీమాపడడం ఎలా?

దీనికి చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. లైబ్రరీ సభ్యత్వ జాబితా బదులు సంస్థలో చేరిన మొత్తం విద్యార్థుల జాబితా తీసుకుని, అందులోంచి యాదృచ్ఛికంగా పేర్లు ఎంచుకోవాలి. ఎంతమందిని అడగాలో చెబుతూ క్రెజ్సీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1970లో ప్రచురించిన పట్టిక ఇప్పటికీ చాలామంది వాడుతున్నదే. వెయ్యిమంది ఉన్నచోట 278, ఐదువేలమంది ఉన్నచోట 357 మంది నమూనా చాలని అది చెబుతుంది, 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం తేడాతో. అంటే సంస్థ ఐదింతలు పెరిగినా పని ఐదింతలు కాదు. అయితే ఆ 357 మందిలో నూట ఇరవై మందే జవాబిస్తే, మిగతా చోట్లను వాట్సాప్‌లో ఉత్సాహంగా ముందుకొచ్చినవాళ్లతో నింపడం సర్వేను పాడుచేయడమే. జవాబివ్వని ఆ 237 మందిలోంచి మళ్లీ యాదృచ్ఛికంగా నలభై మందిని తీసుకుని, ఫోన్ చేసో తరగతి గది దగ్గర కలిసో, రెండే ప్రశ్నలు అడగాలి: ఈ సెమిస్టర్‌లో లైబ్రరీని వాడారా, వాడకపోతే ఎందుకు? వాళ్ల జవాబులు మొదటి నూట ఇరవై మంది జవాబులతో ఎంత తేడాగా ఉన్నాయో చూస్తే, మన సర్వేకు ఎంత వెలుతురు ఉందో తెలుస్తుంది. రానివాళ్ల దగ్గరకు వెళ్లడం తెలుగు గ్రంథాలయోద్యమానికి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు. ఊరివాళ్లు గ్రంథాలయానికి రాలేదు కాబట్టి వాళ్లకు చదువు మీద ఆసక్తి లేదని ఆయన అనుకోలేదు. పుస్తకాలు దగ్గరకు వచ్చినా చదవకపోతే అప్పుడు అనుకోవచ్చు. యోగ్యత అన్న మాటకు ఇంతకంటే మంచి ఆచరణ నాకు కనబడదు.

ఇక మొదటి ప్రశ్న. పాఠకుడు నోరు తెరిచి చెప్పిన మాటకు విలువ ఎంత? న్యాయదర్శనంలో గౌతముడు ఆప్తుడి మాటను ప్రమాణంగా లెక్కించాడు. ఆప్తుడంటే ఎవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు: విషయాన్ని తాను స్వయంగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనట. పుట్టుకా హోదా కాకుండా, విషయంతో నేరుగా ఉన్న సంబంధమే సాక్షిని సాక్షిగా నిలబెడుతుందన్నమాట. తెలుగు నేల వాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసేటప్పుడు దీన్ని ఇంకా క్లుప్తం చేశాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని. లైబ్రరీ సర్వేకు ఈ లక్షణం ఒక హక్కునూ ఇస్తుంది, ఒక హద్దునూ పెడుతుంది. గేటు దగ్గర బ్యాగు పెట్టి లోపలికొచ్చి, కేటలాగులో వెతికి, ర్యాకు దాకా వెళ్లి, పుస్తకం లేక వెనుదిరిగిన మొదటి సంవత్సరం విద్యార్థి ఆ అనుభవం విషయంలో శాఖాధిపతితో సమానమైన ఆప్తుడు. లైబ్రరీ కమిటీలో కూర్చున్న ఆచార్యుడి కంటే ఆ విషయంలో అతనికే ఎక్కువ తెలుసు. అదే విద్యార్థిని 'లైబ్రరీలోని పుస్తక సేకరణ మీ సబ్జెక్టుకు తగినంత ఉందా' అని అడిగితే, అతను స్వయంగా చూడని విషయం మీద తీర్పు అడిగినట్టు. ఆ సేకరణలో ఏముండాలో ఇంకా అతనికి తెలియదు, తెలుసుకోవడానికే కదా వచ్చాడు. అతను 'బాగుంది' అని టిక్కు పెడతాడు. అతను అబద్ధమాడలేదు. తనకు తెలియని విషయంలో మర్యాదగా జవాబిచ్చాడు, అంతే. తప్పు అడిగినవాళ్లది. పాఠకుణ్ణి సాక్షిగా నిలబెట్టాలి, న్యాయమూర్తిగా కూర్చోబెట్టకూడదు.

ఇది మాటల వాదం మాత్రమే అనుకోనవసరం లేదు, గ్రంథాలయ శాస్త్రంలోనే దీనికి గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో పీటర్ హెర్నాన్, చార్ల్స్ మెక్‌క్లూర్ అనే పరిశోధకులు సాధారణ పాఠకుల్లా మనుషులను పంపి, సరైన జవాబు తమకు ముందే తెలిసిన ప్రశ్నలను రిఫరెన్స్ డెస్కులో అడిగించారు. అలాంటి పరీక్షల్లో సరైన జవాబు వచ్చింది దాదాపు 55 శాతం సార్లేనని 1986లో వాళ్లు రాశారు. ఆ మాట ఆ రంగంలో '55 శాతం సూత్రం'గా నిలిచిపోయింది. తప్పు జవాబు అందుకున్న పాఠకుడికి అది తప్పని తెలియదు కదా. లైబ్రేరియన్ నవ్వుతూ లేచి వచ్చి వెతికిపెట్టాడు, అతను తృప్తిగానే వెళ్లిపోయాడు. 1993లో రేచల్ ఆపిల్‌గేట్ ఈ రకమైన తృప్తిని ప్రత్యేకంగా చర్చించింది: అందింది సరైనది కాకపోయినా కలిగే తృప్తి. సంతృప్తి సర్వే ఈ తృప్తిని, నిజమైన తృప్తిని ఒకే గడిలో వేసేస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగానే వస్తుంది. తన తృప్తి గురించి తనకంటే ఆప్తుడు ఇంకెవరు? తలనొప్పి ఉందని చెప్పినవాడితో లేదని వాదిస్తామా? నిజమే, తృప్తి అనే అనుభూతి విషయంలో పాఠకుడి మాటే తుదిమాట. అయితే ఆ అనుభూతి ఒంటరిగా పుట్టదు, ఆశను బట్టి పుడుతుంది. మంచి లైబ్రరీ ఎన్నడూ చూడనివాడు సాధారణమైన లైబ్రరీతోనే తృప్తిపడతాడు. బాగా నడిచే లైబ్రరీలో చదివి వచ్చినవాడు అదే లైబ్రరీలో విసిగిపోతాడు. ఇద్దరి అంకెలూ నిజాలే, కానీ వాటిలో ఏదీ లైబ్రరీ గురించిన నిజం చెప్పడం లేదు. అమెరికాలో పరిశోధనా గ్రంథాలయాల సంఘం, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం కలిసి 2000 ప్రాంతంలో రూపొందించిన లిబ్‌క్వాల్ సర్వే ఈ చిక్కును నిజాయితీగా ఎదుర్కొంది. అందులో ఇరవై రెండు ముఖ్య ప్రశ్నలు, మూడు కోణాలు: సిబ్బంది సేవ, సమాచారం చేతికందడం, చోటుగా లైబ్రరీ. ప్రతి ప్రశ్నకూ పాఠకుడు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న కొలతలో మూడు అంకెలు ఇవ్వాలి: కనీసం ఎంత ఉండాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడు ఎంత ఉంది. కనీసానికీ ఉన్నదానికీ మధ్య తేడా చూస్తే, ఆశ తక్కువైనవాడి తృప్తిని ఆశ ఎక్కువైనవాడి తృప్తి నుంచి వేరుచేయవచ్చు. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇది కూడా ఒకచోట ఆగిపోతుంది. అసలుందని తెలియనిదాన్ని ఎవరూ ఆశించలేరు. ఢిల్లీలోని డెల్‌నెట్ ద్వారా సభ్య లైబ్రరీలు ఇంకోచోట ఉన్న పుస్తకాన్ని తెప్పించి ఇవ్వగలవు. ఆ సంగతి తెలియని విద్యార్థి 'ఎంత ఉంటే బాగుంటుంది' అన్నచోట దానికి అంకె ఎలా వేస్తాడు? మళ్లీ యోగ్యత ప్రశ్న దగ్గరకే వచ్చాం. అడగకపోవడం అక్కర లేకపోవడం కాదు.

అందువల్ల ప్రశ్నలు తీర్పు అడగడం మానేసి సంఘటన అడగాలి. 'మా కేటలాగుతో మీరు సంతృప్తిగా ఉన్నారా' అనే బదులు, 'చివరిసారి లైబ్రరీకి వచ్చినప్పుడు ఏ పని మీద వచ్చారు? ఆ పని అయిందా? కాకపోతే ఎక్కడ ఆగింది?' అని అడగాలి. జాన్ ఫ్లానగన్ 1954లో ఇలా ఒక నిర్దిష్ట సంఘటన చుట్టూ సాక్ష్యం సేకరించే పద్ధతిని వివరంగా రాశాడు, ఆ తర్వాత అది ఎన్నో వృత్తుల్లోకి వెళ్లింది. ఇలా అడిగితే పాఠకుడు తాను స్వయంగా చూసినదాన్ని మాత్రమే చెబుతాడు. కేటలాగులో ఉంది, ర్యాకులో లేదు. ర్యాకులో ఉంది, బైండింగుకు వెళ్లిందని కంప్యూటరు చెప్పింది. జర్నల్ పేరు తెలుసు, హాస్టల్ నుంచి లాగిన్ కాలేదు. ఒక్కో జవాబు ఒక్కో లోపాన్ని దాని చోటుతో సహా చూపిస్తుంది. '3.8' అన్న సగటు దేన్నీ చూపించదు. ప్రశ్న రాయడంలో ఇంకో జాగ్రత్త ఉంది. 'సిబ్బంది మర్యాదగా, త్వరగా సహాయం చేశారా' అన్నది ఒక ప్రశ్నలా కనబడే రెండు ప్రశ్నలు. మర్యాదగా ఆలస్యం చేసినవాళ్లకు ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియదు. ఫారాన్ని అందరికీ పంపే ముందు పదిపన్నెండు మందితో నింపించి, ఒక్కో ప్రశ్నను వాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో నోటితో చెప్పించుకుంటే ఇలాంటి తప్పులు చాలా వరకు బయటపడతాయి. చాలా సర్వేల్లో ఈ ఒక్క మెట్టునే తొందరలో వదిలేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం.

తాత్త్వికంగా ఎదురయ్యే ఇంకా బలమైన ఆక్షేపణ వేరే ఉంది. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని చెబుతాడు. మేలు చేసేది ఒకటి, ఇష్టమైనది ఇంకొకటి. లైబ్రరీ ఉన్నది శ్రేయస్సు కోసం, సర్వే కొలిచేది ప్రేయస్సును. పాఠకుల ఇష్టాన్ని వెంబడిస్తే విశ్వవిద్యాలయ లైబ్రరీ గైడ్ల దుకాణంగా మారిపోదా అన్నది ఆ వాదన. మన రాష్ట్రాల్లో దీనికి కళ్లెదుటే ఉదాహరణ ఉంది. విశ్వవిద్యాలయాల రీడింగ్ రూములు చాలాచోట్ల గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లతో నిండి ఉంటాయి. పుస్తకాలు వాళ్లవే, లైబ్రరీ నుంచి వాళ్లకు కావలసింది కుర్చీ, దీపం, ఫ్యాను, తాగునీరు, రాత్రి ఎక్కువసేపు తెరిచి ఉంచడం. ఒక పరిశోధకుడికి కావలసింది పాత పత్రికల సంపుటాలు, ఒక జర్నల్ పాత సంచిక, కేటలాగింగ్ తెలిసిన మనిషి. సర్వేలో మొదటివాళ్లు వందల్లో ఉంటారు, రెండోవాళ్లు పదుల్లో. ఓట్లు లెక్కపెడితే ఫ్యాన్లు గెలుస్తాయి, పాత సంపుటాలు ఓడిపోతాయి. ఈ భయం నిజమైనదే, దీన్ని తేలిగ్గా తీసిపారేయను.

కానీ ఈ ఆక్షేపణ సర్వేను ఓటింగుగా భావిస్తోంది. సాక్షులను లెక్కపెట్టి తీర్పు చెప్పే న్యాయస్థానం లేదు. పదిమంది ఒకే సంగతి చెప్పినా, ఒక్కడు చెప్పిన వేరే సంగతి అబద్ధమైపోదు. అందుకే వర్గాలవారీగా నమూనా తీసుకోవాలి, ఫలితాలు కూడా వర్గాలవారీగానే చూడాలి. పోటీ పరీక్షల విద్యార్థి ఐదుకు ఐదు ఇచ్చి, పరిశోధకుడు ఒకటి ఇస్తే, మూడు అనే సగటు ఇద్దరిలో ఎవరి అనుభవమూ కాదు. అలాంటి సగటును నివేదిక మొదటి పేజీలో పెట్టడం నా దృష్టిలో సాక్ష్యాన్ని చెరిపేయడమే. పైగా శ్రేయస్సు అంటే ఏమిటో నిర్ణయించే హక్కు ఆచార్యులకు ఉందనుకున్నా, ఆ శ్రేయస్సు వైపు వెళ్లే దారిలో ఎక్కడ అడ్డం పడిందో నడిచినవాడే చెప్పాలి. ఏ పుస్తకం కొనాలో తేల్చడానికి విద్యార్థి సంతృప్తి కొలమానం కాదు. కొన్న పుస్తకం చేతికి రాకుండా ఏది ఆపుతోందో తెలుసుకోవడానికి అతని మాట తప్ప దారి లేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ఒకటి పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. ఎంత సమయం వృథా అయిందో పాఠకుణ్ణి అడగకుండా ఆ సూత్రాన్ని పాటించామని ఎలా చెప్పుకుంటాం? అలాగే కుర్చీ, దీపం అడిగేవాళ్ల కోరికను కేవలం ప్రేయస్సు అనడం కూడా నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని పిల్లలకు ఆ కుర్చీయే శ్రేయస్సుకు మొదటి మెట్టు.

మాటలెందుకు, రికార్డులు చాలు అనేవాళ్లూ ఉన్నారు. గేటు రిజిస్టరు ఉంది, ఇష్యూ లెక్కలు ఉన్నాయి, కోహా, సోల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి లావాదేవీనీ రాసిపెడతాయి, చెప్పిన మాట కంటే చేసిన పని నమ్మదగినది కాదా? కొంతవరకు అవును, సర్వేకు ముందే ఆ లెక్కలన్నీ తీసి పెట్టుకోవాలి. కానీ జరిగింది రికార్డులోకి ఎక్కుతుంది, జరగాల్సి ఉండి జరగనిది ఎక్కదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యయనం 1979లో వెలువడింది. 1969లో అక్కడ కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని తేలింది. ఎందుకు కాలేదో రికార్డు చెప్పలేదు. ఎంపిక తప్పా, కేటలాగులో విషయం సరిగ్గా పడలేదా, ఉందని ఎవరికీ తెలియదా? ఇప్పుడు చదువు గేటు దాటి రావడం కూడా తగ్గుతోంది. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద దాదాపు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు ముప్పై ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. హాస్టల్ గదిలో ఆ జర్నల్ తెరవబోయి, లాగిన్ దగ్గరే ఆగిపోయిన విద్యార్థిని ఏ గేటు రిజిస్టరూ చూడలేదు.

చివరి ఆక్షేపణ లైబ్రేరియన్ల నోట ఎక్కువగా వినబడేది, అందులో నిజమైన ఆవేదన ఉంది. నిధులు లేవు, పోస్టులు ఖాళీగా ఉన్నాయి, అడిగి ఆశ పెట్టి తీర్చలేకపోవడం కంటే అడగకపోవడమే మేలు కదా అంటారు. తీర్చలేనివన్నీ అడగమని నేనూ అనను. ప్రతి ప్రశ్న పక్కనా, దీనికి చెడు జవాబు వస్తే ఏం చేస్తాం, ఎవరికి చెబుతాం అని ముందే రాసుకోవాలి. ఏమీ రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయాలి. అలా కొట్టేస్తే నలభై ప్రశ్నల ఫారం పన్నెండుకు దిగుతుంది, నింపేవాళ్లూ పెరుగుతారు. నిధులు లైబ్రేరియన్ చేతిలో లేకపోయినా, 'నమూనాలో ఇంతమంది ఇంటికి వెళ్లాక జర్నళ్లు తెరవలేకపోతున్నారు' అని ప్రిన్సిపాల్ ముందూ వైస్ ఛాన్సలర్ ముందూ పెట్టగలిగిన కాగితం ఉంటే ఆ అభ్యర్థన బరువు వేరు. ఇక సాక్ష్యం చెప్పినవాళ్లకు ఏం తేలిందో తిరిగి చెప్పడం బాధ్యత. నోటీసు బోర్డు మీద ఒక పేజీ చాలు: ఇవి చెప్పారు, ఇవి సరిచేశాం, ఇవి ఈ కారణంగా చేయలేకపోయాం. ఇది చేయకపోతే వచ్చే ఏడాది ఫారం అందుకున్న విద్యార్థికి నిజం చెప్పాలన్న కోరిక ఉండదు. ఆ కోరిక లేనివాడు ఆప్తుడు కాలేడని వాత్స్యాయనుడు చెప్పనే చెప్పాడు.

కాబట్టి ఈ విద్యాసంవత్సరంలో సర్వే పెట్టబోయే లైబ్రేరియన్లకూ, వాళ్ల మీద ఉన్న కమిటీలకూ నా విన్నపం ఒకటే. ఫారం అచ్చు వేయించే ముందు, గత ఏడాదిలో ఒక్క పుస్తకం కూడా తీసుకోని, ఒక్కసారి కూడా లాగిన్ కాని విద్యార్థుల జాబితా తీయించండి. అందులోంచి యాదృచ్ఛికంగా నలభై పేర్లు ఎంచుకుని, కౌంటరుతో సంబంధం లేని మనిషిని వాళ్ల దగ్గరకు పంపి, చివరిసారి ఎప్పుడు వచ్చారు, ఎందుకు మానేశారు అని తెలుగులో అడిగించండి. మీ ఫారంలో ఏ ప్రశ్నలు ఉండాలో వాళ్ల జవాబులే చెబుతాయి.